కోటా దాటాక

మొన్న బిలాస్‌పూర్ పక్కన సిర్గిట్టిలో మా మిల్లు ఆఫీసులో కరెంటు పోయి కాసేపటికి వచ్చింది. కంప్యూటరు మళ్లీ లేస్తూ, తనను సరిగ్గా ఆపకుండానే ఆగిపోవలసి వచ్చిందని, డిస్కును ఒకసారి సరిచూసుకుంటానని, అక్కర్లేదనుకుంటే ఏదైనా ఒక మీట నొక్కమని తెర మీద రాసింది. కాటా దగ్గర ధాన్యం లారీలు బారుగా నిలబడి ఉన్నాయి. నా పక్క కుర్చీలో కూర్చునే గుమస్తా "ఛోడియే నా సాబ్, ఆగే బఢ్‌తే హై" అంటూ, వదిలేసి ముందుకు పోదామని మీట మీదికి చెయ్యి చాపాడు. నేను అతని మణికట్టు పట్టుకున్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, అతను తెర వంక చూడడం మానేసి నా మొహం వంక చూశాడు. తనిఖీ పూర్తయ్యేదాకా ఆగాం. బయట డ్రైవర్లు హారన్లు కొట్టారు. ఆఖరికి డిస్కు బాగానే ఉందని తేలింది. అతను చిన్నగా నవ్వి "దేఖా?" అన్నాడు. చూశాను. కానీ సాయంత్రం తోర్వాలో ఇంటికి చేరాక, కాళ్లయినా కడుక్కోకుండా బల్ల సొరుగు లాగి, అడుగున ఉన్న చెక్కముక్కను తీసి చాలాసేపు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

వేలెడంత ముక్క. ఒక కొస మందం, ఇంకో కొస పలచన, తలుపు కొట్టుకోకుండా కింద దోపే చెక్కలాంటిది. ఏళ్ల తరబడి ఒక మనిషి చొక్కా జేబులో తిరిగి అంచులన్నీ నునుపెక్కాయి, రంగు బీడీకట్ట రంగులోకి మారింది. అది మా మావయ్యది. మావయ్య అంటే అమ్మకు తమ్ముడు, కరెంటు ఇంజిను డ్రైవరు. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో బొగ్గు ఎత్తే పనికి బిలాస్‌పూర్ వచ్చారు, మావయ్య ఇంజిను పైకి ఎక్కాడు, నేను మాత్రం రైల్వేలో దేనికీ పనికిరాక ధాన్యం మిల్లు లెక్కల్లో పడ్డాను. చదివింది తక్కువ. లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడింది. మిల్లులో కంప్యూటరు పెట్టినప్పుడు అందరూ దానికి దండం పెట్టి దూరంగా జరిగితే, నేను పాత పుస్తకాల కొట్లో దొరికిన పుస్తకాలు చదివి దానితో స్నేహం చేశాను. ఆ స్నేహం వల్లే ఇప్పుడు చెప్పబోయే పనిలోకి నన్ను పిలిచారు.

ముందు ఆ చెక్క సంగతి చెప్పాలి, లేకపోతే తరవాతిదేదీ అర్థం కాదు. ఆ కాలపు కరెంటు ఇంజిన్లలో ఎక్కడ ఏ తేడా వచ్చినా కనిపెట్టి మొత్తం కరెంటును పడగొట్టే చిన్న చిన్న రిలేలు ఉండేవి. తేడా నిజంగా ఉన్నా పడతాయి, రిలేకే ఏదో రోగం వచ్చినా పడతాయి. రెండు స్టేషన్ల మధ్య అడవిలో, వెనక పెట్టెల నిండా జనంతో, ఇంజిను చచ్చి ఆగిపోతే డ్రైవరు ఏం చేస్తాడు? ఏ రిలే పడుతోందో వెతికి పట్టుకుని, అది మళ్లీ పడకుండా సందులో చెక్కముక్క దోపుతాడు. దాన్ని 'వెడ్జ్ పెట్టడం' అంటారు. బండి కదులుతుంది. అయితే అది సెక్షను దాటి ముందు స్టేషను చేరడానికి మాత్రమే. సహాయకుడు లోపల నిలబడి పొగ వస్తుందేమో చూస్తూనే ఉండాలి, తరవాత ఇంజిన్ను మరమ్మతు షెడ్డుకు అప్పగించాలి. చిన్నప్పుడు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని మావయ్య ఇవన్నీ కథల్లా చెప్పేవాడు. కథ చివర ఎప్పుడూ ఒకే మాట. "సెక్క పెట్టీసేనని నిద్దరోతే, ఇంజినుతో పాటు నువ్వూ కాలిపోతావురా."

అంతటివాడు ఒక ఉదయం కట్నీ వైపు నుంచి బండి తీసుకొచ్చి, బిలాస్‌పూర్‌లో దిగి, డ్యూటీ దిగే చోట సంతకం చేస్తూ ఆగిపోయాడు. ఎక్కడి నుంచి బండి తెచ్చాడో ఆ ఊరి పేరు రాయాలి. పేరు రాలేదు. పక్కవాళ్లు హాస్యమనుకున్నారు. ఆయన కలం పట్టుకుని అలాగే నిలబడ్డాడట. మెదడులో సన్నని రక్తనాళం ఒకటి మూసుకుపోయిందన్నారు ఆసుపత్రిలో. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. మాట కూడా త్వరలోనే తిరిగి వచ్చింది. కానీ అక్కడక్కడ కొన్ని పేర్లు, కొన్ని ముఖాలు, ఒకటి రెండు వంటల పేర్లు చెరిగిపోయాయి. అత్త మొదటి వారాల్లో వాటిని ఏరుతూ ఉండేది, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. "ఏటండీ, దీన్నేటంటారు?" అని చోడి అంబలి గిన్నె చూపించేది. ఆయన దాని వంక చూసి, "తెల్సు. తాగీదే గదా," అనేవాడు.

ఇంజిను ఎక్కడానికి పనికిరాడని రైల్వే డాక్టరు రాశాడు. డ్రైవర్లకు డ్యూటీలు వేసే ఆఫీసులో ఒక కుర్చీ ఇచ్చారు. కుర్చీ ఇచ్చారు గానీ పని ఇవ్వలేదు. నిన్నటిదాకా మర్యాదగా పక్కకు తప్పుకున్నవాళ్లే, ఆయన్ని దాటించి ఆయన ముందు నుంచే కాగితాలు ఒకరికొకరు అందించుకునేవారు. అక్కడి కంప్యూటర్లు నల్ల తెర మీద పచ్చటి అక్షరాలతో నడిచేవి, మౌసు లేదు, బొమ్మలు లేవు. అవి యూనిక్స్ అనే పద్ధతి మీద నడుస్తాయని ఎవరో చెప్పారు. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి మావయ్య రైల్వే క్వార్టరు ముందు గదిలో, టీవీ ఉండవలసిన బల్ల మీద, తోర్వాలో ఎవరో విప్పి అమ్మిన పాత కంప్యూటరు కూర్చుని ఉంది. పక్కన ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీ.

"ఒరే అల్లుడా, దీన్లో ఆ యూనిక్స్ ఎక్కించీ," అన్నాడు మావయ్య.

"దేనికి మావయ్యా?"

"దేనికేటి? కుర్సీలో కూసున్న రోజు నుంచి నన్ను గోడకి తగిలించిన పటంలాగ సూస్తన్నారు. నేర్సుకుంటాను."

వంటింట్లోంచి అత్త గొంతు వచ్చింది. "నేర్సుకో నేర్సుకో. సీరియల్ సూసుకునే బల్ల కూడా పోనాది నాకు."

ఎక్కించడం అంటే సీడీ పెట్టి అడిగినదానికి అవునవును అంటూ పోవడమే అనుకున్నాను. సగం దాకా బాగానే వెళ్లింది, తరవాత ఆగింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ దాదాపు అక్కడే ఆగింది. సీడీని మెత్తటి గుడ్డతో తుడిచాను. మా మిల్లు నుంచి ఇంకో సీడీ చదివే పెట్టె తెచ్చి మార్చాను. జ్ఞాపకం పెట్టుకునే మెమరీ పలకలు ఉంటాయి కదా, వాటిని తీసి ఒక్కొక్కటే పెట్టి చూశాను. తీగ మార్చాను. నా పద్ధతి అదే, ఒకసారికి ఒకే ఒక్కటి మార్చి, ఫలితం చూసి, దాన్ని అనుమానాల్లోంచి కొట్టేసి ముందుకు వెళ్లడం. వారం వారం అలా కొట్టేసుకుంటూ వస్తే చివరికి మిగిలింది హార్డ్ డిస్కు. దాని మీద ఎక్కడో రాత నిలవని చోటు ఉంది. ఎక్కడో కనుక్కోవాలి. చివరిదాకా వరసగా పరీక్షించాలంటే ఆ పాత యంత్రానికి పగలంతా పడుతుంది.

మావయ్య అప్పటిదాకా మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. "సగానికి సగం కొయ్యి," అన్నాడు. ఇంజిన్లో ఎక్కడో తీగ నేలకు తగిలి కరెంటు కారిపోతుంటే వాళ్లు చేసే పనే అది. సగం భాగాన్ని విడదీసి చూస్తారు. తేడా పోతే ఆ సగంలో ఉన్నట్టు, పోకపోతే రెండో సగంలో. దొరికిన సగాన్ని మళ్లీ సగం. నా లెక్కల బుద్ధికి తట్టవలసిన మాట ఆయనకు తట్టింది. డిస్కును సగాలుగా విభజిస్తూ, ఒక్కో ముక్కలో రాసి, రాసింది తిరిగి చదివి, పొద్దు వాలే లోపు చెడు చోటును ఒక చిన్న ముక్కలో బంధించాం. అది డిస్కుకు దాదాపు నడిమధ్య ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసి ఇటూ అటూ మంచి ముక్కలు చేశాను. "ఆ ముక్కని బ్లాక్ తీసుకున్నట్టు లెక్క. అటు బండ్లు పంపకు," అన్నాడు మావయ్య. రైలుపట్టా మీద మరమ్మతు ఉంటే రాకపోకలు ఆపడాన్ని బ్లాక్ అంటారు. తరవాత కాసేపు తల గోక్కుని, ఎవరితోనూ కాకుండా, "నా బుర్రకి కూడా అలాటి ముక్క ఒకటి కట్టీసి ఉంచీరు," అన్నాడు. నేను సీడీ మళ్లీ పెట్టాను.

ఈసారి సీడీ చివరిదాకా వెళ్లింది. అత్త టీ తెచ్చింది. కంప్యూటరును ఆపి మళ్లీ వేశాం. నల్ల తెర మీద ఎల్, ఐ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఇక కదల్లేదు. మావయ్య నవ్వడం మొదలుపెట్టాడు, ఆసుపత్రి నుంచి వచ్చాక అంత నవ్వు నేను చూడలేదు. డ్రైవర్ల మీద అజమాయిషీ చేసే లోకో ఇన్‌స్పెక్టరును రైల్వేలో అందరూ ఎల్ఐ అనే పిలుస్తారు. "ఒసే, ఇటు రావే! లోకో ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చీసేడు. బండి ఆపీసేడు!" అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర చూసి, "అచ్ఛా, టీ ఇయ్యమంటారా ఆయనకి?" అంది. ఆ రెండు అక్షరాల అసలు అర్థం తెలుసుకోవడానికి నాకు మరో ఆదివారం పట్టింది. యంత్రం లేవగానే మొదట పనిచేసే చిన్న భాగం డిస్కు మొదట్లో కొంత మేరకే చదవగలదట, మేము పెట్టింది దాని చూపుకు అందనంత వెనక ఉంది. డిస్కు మొదట్లో చిన్న ముక్క కోసి, లేపడానికి కావలసినవి అందులో పెట్టాను. "మరి ఇంజిను ముందుండాల గదా," అన్నాడు మావయ్య, ఇంతకాలం నాకు ఇది తెలియకపోవడం ఆశ్చర్యంగా ఉన్నట్టు. యూనిక్స్ లేచింది. పేరు అడిగింది. ఆయన ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు.

అక్షరాలు నేర్చుకోవడానికి ఏదో ఒకటి కొట్టమన్నాను. ఆయన రోడ్డు కొట్టడం మొదలుపెట్టాడు. రైల్వేలో రోడ్డు అంటే డ్రైవరు నడిపే దారి. కొత్త సెక్షనులో బండి ఇచ్చేముందు డ్రైవరు ఆ దారిని నేర్చుకోవాలి, ఎక్కడ ఎత్తు, ఎక్కడ వంపు, ఏ సిగ్నలు చెట్ల వెనక నుంచి ఆలస్యంగా కనిపిస్తుంది అన్నీ. నేర్చుకున్నానని సంతకం పెట్టాలి. నేర్చుకోలేదంటే ఎంత పెద్ద అధికారి చెప్పినా ఆ దారిలో బండి పట్టుకెళ్లనక్కర్లేదు. మావయ్య కట్నీ లైను రోడ్డును బిలాస్‌పూర్ నుంచి కొట్టుకుంటూ వచ్చాడు, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో హిందీ. 'ఉస్లాపూర్ దాటీసేక ఎడం పక్క ఇటుకల బట్టీ కనబడతాది. అప్పుడు తగ్గించు. సిగ్నలు సూసి తగ్గిస్తే లేటు.' 'ఇక్కడ వానాకాలం సక్రాలు జారతాయి, ఇసక వదులు, తొందరపడకు.' 'ఈ గేటు కాడ ఒక ముసలాయన జెండా పట్టుకుని నిలబడేవోడు. హారను కొడితే సంతోషం ఆయనకి.' చదువుతుంటే ఇంజిను అద్దంలోంచి చూస్తున్నట్టే ఉండేది. ఈ లైను మీద నేను వందసార్లు ప్రయాణం చేసి ఉంటాను, కిటికీలోంచి పక్కకే చూశాను గానీ ముందుకు ఎప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది.

ఒక ఆదివారం ఆయన కొట్టడం ఆపి, చూపుడు వేలు గాలిలోనే ఉంచి, నావైపు తిరిగాడు. ఘుట్కూ దాటాక వంపు కుడికా, ఎడమకా? వారం కిందట తనే నాకు చెప్పాడు. నేను చెప్పాను. రాసుకున్నాడు. తరవాత చాలా మామూలుగా అన్నాడు. "ఒరే, ఇది ఎలిపోతోందిరా. ఎలిపోకముందే దించీయాల. పెండ్రా రోడ్డు టేసను దాకా దించీసేననుకో, తరవాత ఎలిపోయినా పరవాలేదు."

ఆ రోజు నుంచి ఆఫీసు కుర్చీ సంగతి ఆయన ఎత్తలేదు. పని ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత. ఆఫీసు నుంచి వచ్చి, అంబలి తాగి, బల్ల ముందు కూర్చోవడమే. నేను వెళ్లినప్పుడల్లా అప్పటిదాకా రాసిందాన్ని ఫ్లాపీలోకి ఎత్తుకునేవాణ్ణి. రాత కోటా దగ్గరికి వచ్చింది. ఆ ఊరి స్టేషను పేరు కర్గీ రోడ్, మా వాళ్లు మాత్రం కోటా అనే అంటారు. అక్కడి నుంచి అడవి, ఖోంగ్‌సరా దాటాక భన్వర్‌టోంక్ ఘాటు. కొండ మీదికి పోయే ఆ ఘాటు దారిలో బండి ఎక్కించడమే ఈ లైనులో డ్రైవరు పనితనం. మావయ్య దానికోసమే బలం దాచుకున్నట్టు, కోటా స్టేషనులో రాత ఆపి రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాడు.

ఎండలు ముదిరి కరెంటు కోతలు మొదలయ్యాయి. కరెంటు పోయినప్పుడల్లా యూనిక్స్ సగం రాతలో చచ్చేది, మళ్లీ లేచేటప్పుడు డిస్కునంతా సరిచూసుకునేది. మొదట్లో ఒక గ్లాసు టీ తాగేంత సేపు పట్టేది. తరవాత మధ్యలో ఆగి, ఇక నావల్ల కాదు, మనిషి వచ్చి చూడాలి అనడం మొదలుపెట్టింది. నేను కూర్చుంటే ప్రశ్నలు వేసేది. ఈ ముక్కకు పేరు లేదు, ఎవరిదో తెలియదు, తీసి పక్కన పెట్టమంటావా? పెట్టమంటే, పోయినవీ దొరికినవీ అనే అర్థం వచ్చే పేరున్న ఒక గదిలో, ఆ ముక్కకు ఒక అంకె వేసి పడేసేది. ఆ గది మావయ్యకు మహా నచ్చింది. "టేసన్లో కూడా ఉంటాది గదరా. బండిలో మర్సిపోయిన గొడుగులన్నీ పెడతారు." నాకు మాత్రం నచ్చలేదు. ముక్కల సంఖ్య ప్రతిసారీ పెరుగుతోంది. మధ్యలో మేము కట్టేసిన చెడు చోటు కట్టు దాటి పాకుతోందని అర్థం. డిస్కు మార్చాలి మావయ్యా, మార్చేదాకా దీన్ని వెయ్యొద్దు అని చెప్పాను. సరే అన్నాడు.

ఆ తరవాత మిల్లులో రబీ ధాన్యం మీద పడింది. కొన్ని వారాలు తోర్వా నుంచి సిర్గిట్టికీ, సిర్గిట్టి నుంచి తోర్వాకీ తప్ప బండి వేరే వైపు తిప్పలేదు. మధ్యలో ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఫోను చేశాడు. గొంతులో పాత హుషారు.

"సెక్క పెట్టీసేనురా!"

"దేనికి మావయ్యా?"

"నీ తనికీకి. లేసేటప్పుడు సదువుకునే కాయితం ఒకటుంది గదా, దాన్లో ఆ తనికీ సెయ్యమనే లైను దొరికింది. దాని ముందు గీతల గుర్తు ఒకటి పెట్టీసేను. ఇంక ఆ లైను దాటీసి ఎలిపోతంది. రిలే పడదు, బండి ఆగదు."

ఆయన చేసింది తప్పుడు పని కాదు, ఆ గుర్తు పెడితే యంత్రం ఆ లైనును వదిలేస్తుందన్నది నిజమే. ఎవరూ చెప్పకుండా తనే చదివి, వెతికి, సరైన చోట పెట్టాడు. ఆఫీసులో కూర్చోబెట్టిన పటం అంత పని చేసింది. నేను గర్వపడాలో భయపడాలో తెలియక, "చెక్క పెట్టాక షెడ్డుకి పంపాలని నువ్వే చెప్పేవాడివి కదా," అన్నాను.

"పంపుదుం, పంపుదుం. ఇప్పుడు ఖోంగ్‌సరా దాటీసి ఘాటు మీద ఉన్నాను. ఘాటు మజ్జిన బండి ఆపకూడదురా, ఆపితే మరి లేవదు. భన్వర్‌టోంక్ ఎక్కీయనీ, అప్పుడు నువ్వొచ్చి ఏటి కావాలంటే అది మార్చు."

అక్కడే ఆ మాటలో ఆయన ప్రాణం అంతా ఉంది. రోజూ ఉదయం లేచి, రాత్రి ఇంకేం పోయిందో తన బుర్రలో తడుముకునే మనిషి ఆయన. డిస్కు కోసం ఒక వారం ఆగితే ఆ వారంలో ఏ వంపు చెరిగిపోతుందో ఎవరికి తెలుసు? ముందు స్టేషను దాకా చేరాలంతే. ముప్పై ఏళ్లు ఆయన చేసిందీ అదే, ఆ చెక్క ఆయన్ని ఎన్నడూ మోసం చెయ్యలేదు. అయితే ఇంజిన్లో చెక్క పెట్టినప్పుడు లోపల సహాయకుడు నిలబడి పొగ కోసం చూస్తూ ఉంటాడు. డిస్కుకు పొగ రాదు. తెర మీద ఆయన రాసిన అక్షరాలు రాసినట్టే కనిపించాయి. కింద మాత్రం ఒకదాని చోటులో ఇంకొకటి పడుతూ, లెక్క ఎక్కడికక్కడ తప్పుతూ పోయింది.

అత్త ఫోను చేసింది. "ఒకసారి రా నాయినా. పెట్టి లేవటం లేదు. ఈయన దాని ముందే కూసుండిపోనాడు, తిండికి లెగడు." వెళ్లేసరికి గదిలో డిస్కు టిక్కు టిక్కుమంటోంది, ఆగిపోబోయే గోడ గడియారంలా. మావయ్య చేతులు రెండూ తొడల మీద పెట్టుకుని, నేను లోపలికి వచ్చినా తల తిప్పకుండా అన్నాడు. "పైకెక్కీసేనురా. ఆకరి టన్నెలు కూడా అయిపోనాది."

సీడీ పెట్టి యంత్రాన్ని లేపి, ఆ గీతల గుర్తు తీసేసి, ఇన్నాళ్లూ వాయిదా పడిన తనిఖీని నడిపించాను. ప్రశ్న మీద ప్రశ్న, లెక్కపెట్టడం నా అలవాటే అయినా కాసేపటికి మానేశాను. అవును, అవును, అవును. అది ముగిసేసరికి మావయ్య రోడ్డు ఉన్న ఫైలు లేదు. నా ఫ్లాపీలో బిలాస్‌పూర్ నుంచి కోటా దాకా ఉంది, అక్షరం పోకుండా. కోటా దాటాక ఉన్నదంతా ఆ దొరికిన సామాన్ల గదిలో పడి ఉంది, అంకెలు తప్ప పేర్లు లేని ముక్కలుగా. కొన్ని ముక్కల్లో ఒక వాక్యం, కొన్నిట్లో సగం మాట, చాలావాటిలో చెత్త. డిస్కు పూర్తిగా ఆగిపోయేలోపు చదవదగ్గ వాటినన్నిటినీ ఎత్తి, మిల్లులో కాగితం మీద అచ్చు తీశాను. వరస పెట్టడానికి మావయ్య ఉన్నాడు కదా అనుకున్నాను. ఆయన ఒకసారి చూస్తే చాలు, ఏ ముక్క ఎక్కడిదో చెప్పేస్తాడు. అదీ నా లెక్క.

నేను కాగితాలు తీసుకెళ్లే లోపే మావయ్యకు ఆ జబ్బు రెండోసారి వచ్చింది, ఈసారి సన్నని నాళం కాదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక కుడి చెయ్యి ఒళ్లో పడి ఉండేది. మాట వచ్చింది, నెమ్మదిగా, మర్యాదగా, కొత్త ఊళ్లో దారి అడిగే మనిషి మాటలా. వరండాలో కుర్చీ వేసి అత్త ఆయన్ని కూర్చోబెట్టేది. అవతల యార్డులో షంటింగ్ చప్పుడు, పెట్టెలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. నేను పక్కన ముక్కాలిపీట వేసుకుని కాగితాలు తీశాను. ముందు కోటా దాకా ఉన్నది చదివాను, ఇటుకల బట్టీ, ఇసక, గేటు దగ్గర ముసలాయన. శ్రద్ధగా విన్నాడు. ఒకచోట తల ఊపాడు కూడా.

"ఎవుడు రాసినాడిది?" అన్నాడు.

అత్త గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయింది.

"ఒక డ్రైవరు," అన్నాను.

"బాగా తెలిసినోడే."

విడి ముక్కలు తీశాను. 'రెండో వంతెన మీద నాచ్ మార్చకు, బండి విరిగిపోతాది' అని ఒకటి, నాచ్ అంటే ఇంజిను వేగం పెంచి తగ్గించే పిడి మెట్టు. 'ఇక్కడ వెనక్కి సూడు, ఆకరి పెట్టి కనబడతాది, ఒక్కసోటే కనబడతాది' అని ఇంకొకటి. ఇది ఖోంగ్‌సరాకు ముందా, తరవాతా మావయ్యా అని అడిగాను. ఆయన ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, నుదురు ముడుచుకుని, ఎడం చేత్తో చొక్కా జేబు తడుముకుంటూ. తరవాత నన్ను నొప్పించకుండా చెప్పాలన్నట్టు మెత్తగా అన్నాడు.

"నాకు తెల్దు బాబూ. నాను ఆ రోడ్డు నేర్సుకోలేదు."

ముప్పై ఏళ్లలో ఆ మాట ఆయన ఏ అధికారితోనూ అని ఉండడు. నేను కాగితాలు సర్దుకున్నాను. అవి చెదిరి కిందపడితే ఏరి, అంకెల వరసలో పెట్టాను, ఆ అంకెలకూ దారికీ ఏ సంబంధమూ లేదని తెలిసి కూడా. వానలు వెనకబట్టేలోపు ఆయన పోయాడు. బట్టలు సర్దుతూ అత్త, చొక్కా జేబులో దొరికిందని ఆ చెక్కముక్క నా చేతిలో పెట్టింది. "దీన్ని పారీడానికి సెయ్యి రాలేదురా. నువ్వుంచు," అంది.

అప్పుడప్పుడు పని మీద కట్నీ బండి ఎక్కుతాను. సంచిలో ఆ కాగితాలుంటాయి. కోటా దాకా చదువుకుంటూ పోతాను. ఇటుకల బట్టీ లేదు, కొత్త పట్టాలు వేసి సిగ్నళ్లు జరిపారు, గేటు ఎత్తేసి కింద నుంచి రోడ్డు వేశారు. అయినా ఘుట్కూ దాటాక ఆ వంపు ఉంది, కుడికే. కోటా దాటాక విడి ముక్కలు ఒళ్లో పెట్టుకుని, కిటికీ ఊచలకు తల ఆనించి వెతుకుతాను. ఒక వంపులో చివరి పెట్టె కనిపిస్తే, ఆ ముక్క ఇక్కడిదేనేమో అని పెన్సిలుతో గుర్తు పెడతాను. తరవాతి వంపులోనూ చివరి పెట్టె కనిపిస్తుంది, గుర్తు చెరిపేస్తాను. కాలం మొదట పేర్లను పట్టుకుపోతుంది, ముక్కలను మాత్రం ఒక్కోదానికి ఒక్కో అంకె వేసి మన ఒళ్లో వదిలేస్తుంది, వరస తెలిసిన మనిషి దిగిపోయిన తరవాత.